పాత ల్యాప్‌టాప్‌లో కొత్త బోర్డు: పనితనం ఉంది, కొలతలే లేవు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి మొదలవ్వాలి. అంతకు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు ఆ రోజుతో పాడైపోలేదు. కీబోర్డు పనిచేస్తోంది, బాడీ గట్టిగానే ఉంది. లోపలి బోర్డుకే కాలం చెల్లింది. భిలాయి సెక్టర్ 6 లాంటి ఉద్యోగుల కాలనీల్లో, పిల్లల చదువు కోసం అప్పట్లో కొన్న యంత్రాన్ని పాత సామాను వాడికి వేయాలా, బాగుచేయించాలా అన్నది మామూలు ఇంటి ప్రశ్నే.

బయటి తొడుగు ఉంచి లోపలిది మార్చడం ఈ ఊరికి వింతేమీ కాదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన చోటు ఇది. ఫర్నేస్‌లో లైనింగ్ అరిగితే ఇటుకలు మారుస్తారు గానీ మొత్తం ఫర్నేస్‌ను పారేయరు. మరి ల్యాప్‌టాప్ దగ్గర అది ఎందుకు కుదరదు?

డెస్క్‌టాప్‌లో కుదురుతుంది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం మదర్‌బోర్డు పరిమాణం, స్క్రూల చోటు, పోర్టుల స్థానం ఖరారు చేసింది. అందుకే ఇరవై ఏళ్ల నాటి క్యాబినెట్‌లో ఈ ఏడాది బోర్డు బిగించవచ్చు. ల్యాప్‌టాప్‌కు అలాంటి ఉమ్మడి కొలత లేదు. ఒకే కంపెనీ వరుస మోడళ్లలో కూడా బోర్డు ఆకారం మారిపోతుంది.

అయినా చేసి చూపించినవారున్నారు. లెనోవోతో సంబంధం లేకుండా ‘51ఎన్‌బీ’ అనే చైనా ఔత్సాహికుల బృందం థింక్‌ప్యాడ్ ఎక్స్200, ఎక్స్201 బాడీల్లో సరిపోయేలా ‘ఎక్స్210’ బోర్డును రూపొందించింది. ఎక్స్200 వచ్చింది 2008లో. ఈ కొత్త బోర్డు మీద ఉన్నది ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్. చిత్రమేమిటంటే, ఎక్స్200లోని కోర్ 2 డ్యుయో పీ8400కు లెక్కగట్టిన ఉష్ణ పరిమితి 25 వాట్లు, ఐ5-8250యూకు 15 వాట్లు. కాగితం మీద చూస్తే పాత బాడీకి వేడి సమస్య తగ్గాలి. పూర్తి భారం పడినప్పుడు కొత్త చిప్ కాసేపు ఆ 15 దాటిపోతుందనుకోండి, అది వేరే సంగతి.

అసలు చిక్కు తీగల దగ్గర. పాత తెరలు ఎల్‌వీడీఎస్ సంకేతాలను అందుకుంటాయి, కొత్త బోర్డులు ఈడీపీ పంపుతాయి. మధ్యలో కన్వర్టర్ పెట్టాలి, లేదా తెరే మార్చాలి. కీబోర్డు మరీ మొండిది. దాని రిబ్బన్ కేబుల్‌లో వచ్చేవి మీటల గళ్ల తీగలు మాత్రమే. ఏ గడి ఏ అక్షరమో తెలిసింది పాత బోర్డులోని కంట్రోలర్‌కే. ఆ బోర్డు తీసేశాక, చిన్న మైక్రోకంట్రోలర్‌తో ఒక్కో మీటనూ గుర్తుపట్టి యూఎస్‌బీ కీబోర్డుగా మార్చుకోవాలి. ఇక బ్యాటరీ. పాత ప్యాక్ విప్పి కొత్త సెల్స్ అతికించే పనికి మాత్రం ఇంట్లో ఎవరూ దిగకపోవడం మంచిది. లిథియం అంటుకుంటే ఆర్పడం తేలిక కాదు.

అమెరికాలోని ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2021లో తన మొదటి ల్యాప్‌టాప్ తెచ్చి, ఆ తర్వాత మెయిన్‌బోర్డును విడిగా అమ్మడమే కాక దాని కొలతల డ్రాయింగులనూ బయటపెట్టింది. దాంతో ఆ బోర్డును ఇతర పెట్టెల్లో బిగించుకోవడం ఊహాగానం నుంచి సాధారణ పనిగా మారింది. తేడా తెచ్చింది ప్రాసెసర్ కాదు, ఆ డ్రాయింగ్. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చిప్ స్థాయి రిపేర్లు చేసే చేతులకు పనితనం కొరత లేదు. వాళ్లు కొలిచి, ఊహించి, తిరిగి కొలవాల్సి రావడంతో ఒక్కో యంత్రానికి పట్టే సమయమే కూలిని కొత్త ల్యాప్‌టాప్ ధర వైపు నెడుతోంది.

ప్రభుత్వ చర్చ ఇంకా ఇక్కడిదాకా రాలేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు నమోదైన రీఫర్బిషర్లను గుర్తిస్తాయి. ‘మరమ్మతు హక్కు’ పోర్టల్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. మరమ్మతు సూచీపై వేసిన కమిటీ 2025లో ఇచ్చిన నివేదిక స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లతో మొదలుపెట్టమంది. ఫ్రాన్స్ మాత్రం 2021 జనవరిలోనే ల్యాప్‌టాప్‌లను తన సూచీలో చేర్చింది. అక్కడైనా మార్కులు ప్రధానంగా విప్పడం ఎంత తేలిక, విడిభాగం దొరుకుతుందా, దాని ధరెంత అన్నవాటికే. పాడైన భాగం స్థానంలో అలాంటిదే మరొకటి పెట్టడానికి అది చాలు. పదేళ్ల తర్వాతి బోర్డును అదే బాడీలో పెట్టాలంటే కావాల్సింది స్క్రూ రంధ్రాల కొలతలు, కీబోర్డు, తెర కనెక్టర్ల వివరాలు. మోడల్ అమ్మకాలు ఆపేశాక ఆ నాలుగు పేజీలు బయటపెట్టమని కంపెనీలను అడిగితే వాటి వ్యాపార రహస్యానికి కలిగే నష్టమేమిటో వినియోగదారుల శాఖ వాటినే అడగాలి.