పై పళ్ళు ఏమయ్యాయి?

కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల సంత. కొనే రైతు ముందుగా చూసేది కొమ్ములు కాదు, మూపురమూ కాదు. ముక్కుతాడు పట్టుకుని, పెదవి కిందికి లాగి పళ్ళు లెక్కపెడతాడు. పక్కనే నిలబడ్డ పట్నం పిల్లాడికి మాత్రం వేరే అనుమానం. "పైన ఒక్క పన్నూ లేదే నాయనా! ఎవరైనా రాలగొట్టారా?"

ఎవరూ రాలగొట్టలేదు. ఎద్దుకే కాదు... ఆవు, బర్రె, గొర్రె, మేక వేటికీ పై దవడ ముందు భాగంలో పళ్ళుండవు. మేత నమిలే దవడ పళ్ళు మాత్రం కిందా పైనా ఉంటాయి. ముందు పళ్ళు ఉండాల్సిన చోట కాయలు కాసిన అరచేతిలాంటి గట్టి చిగురు ఉంటుంది. గొర్రె గడ్డిని కింది పళ్ళకూ ఈ చిగురుకూ మధ్య నొక్కిపెట్టి, తలను ఒక్క విదిలింపు విదిలిస్తుంది. అంతే, పరక తెగిపోతుంది.

మరి ఆ పళ్ళు మొదటినుంచీ లేనేలేవా? అసలు కథ తల్లి కడుపులో ఉంది. గొర్రె సుమారు 150 రోజులు పిల్లను మోస్తుంది. మొదటి నెల దాటే వేళకు పిండం వేలెడంత కూడా ఉండదు. అప్పుడే దాని నోటి లోపలి పొర దవడల వెంట ఒక పట్టీలా మందమవుతుంది. పళ్ళకు అదే పునాది. కింది దవడలో ఆ పట్టీ నుంచి మొగ్గలు పుట్టి, పెరిగి పళ్ళవుతాయి. పై దవడ ముందు భాగంలోనూ పని మొదలవుతుంది గానీ సాగదు. పునాది తీసి వదిలేసిన ఇల్లులా ఆ పట్టీ క్రమంగా కుంచించుకుపోతుంది. దాని మీది పొర గట్టిపడి చిగురవుతుంది. పూర్వీకులకు పై పళ్ళుండేవని చెప్పడానికి మిగిలిన ఆనవాలు ఇది.

పుట్టని దూడల పై దవడలో చిగురును చీల్చుకురాని పళ్ళు ఉంటాయని చార్లెస్ డార్విన్ 1859లోనే రాశాడు. అంత పెద్దాయనా కాస్త ఎక్కువే చెప్పాడు! తర్వాత సూక్ష్మదర్శినితో చూసినవాళ్ళకు కనిపించింది పూర్తి పళ్ళు కాదు, ఆ మొదటి పట్టీ తాలూకు ఆనవాళ్ళే.

ఈ చిగురుకు సరిగ్గా వెనక, అంగిట్లో ఒక చిన్న బుడిపె ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు సన్నని రంధ్రాలు. పొట్టేలు ఆడగొర్రె మూత్రం వాసన చూసి, మెడ ఎత్తి, పై పెదవి ముడిచి 'నవ్వడం' పల్లెల్లో అందరూ చూసే ఉంటారు. అది నవ్వు కాదు, పరీక్ష! ఆ వాసన తాలూకు పదార్థం రంధ్రాల గుండా ముక్కు అడుగునున్న ఒక అవయవానికి చేరుతుంది. గొర్రె ఎదకు వచ్చిందో లేదో పొట్టేలు తేల్చుకోవడానికి అదొక దారి. 1813లో దీన్ని వర్ణించిన డెన్మార్క్ శాస్త్రవేత్త పేరు మీద జాకబ్సన్ అవయవం అంటారు. మనిషి పిండంలోనూ ఇది ఏర్పడుతుంది గానీ తర్వాత పనికిరాకుండా పోతుంది. బుడిపె మాత్రం మిగిలింది. పై ముందు పళ్ళ వెనక నాలుకతో తడిమి చూడండి, తగులుతుంది.

కడప జిల్లా ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదివేవాళ్ళకు ఇదంతా పాఠం. మందల వెంట తిరిగేవాళ్ళకు బతుకు లెక్క. గొర్రెకు ముందు పళ్ళు కింద ఎనిమిదే. ఏడాది దాటాక పాలపళ్ళు జత జతగా ఊడి పెద్దపళ్ళు వస్తాయి. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది అని సంతలో బేరం సాగేది వాటి మీదే. నాలుగేళ్ళకు అటూ ఇటూగా నోరు నిండుతుంది. ఆ తర్వాత అరుగుదలే. వానల్లేని ఏడు నేలకంటిన గడ్డిని మట్టితో, ఇసుకతో సహా కొరకాల్సి వస్తే ఆ అరుగుదల ఇంకా ఎక్కువ. పైన చిగురు ఎంత గట్టిగా ఉన్నా కింద పన్ను లేకపోతే పొట్టి గడ్డి చిక్కదు. గొర్రె చిక్కిపోతుంది, పిల్లకు పాలు చాలవు. అందుకే పళ్ళు ఊడడం మొదలైన ఆడగొర్రెను ఒంటి మీద కండ ఉండగానే అమ్మేయమంటారు పశువైద్యులు. నోరు విప్పి చూశాక కొనేవాడు ఎంతిస్తాడన్నది వేరే సంగతి.