ఈత బట్టలు లేవని ఈత మానిపించవద్దు

వేసవి సెలవులు వచ్చాయంటే కాలువలో, చెరువులో, క్వారీ గుంటలో పిల్లలు మునిగిపోయారన్న వార్త ఎక్కడో ఒకచోట వినవలసి వస్తుంది. అయ్యో పాపం అనుకుంటాం, మరునాటికి మరచిపోతాం. కానీ ఇది చిన్న సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. మన దేశంలో పోలీసు లెక్కలకెక్కిన మరణాలే 2022లో 38 వేలు దాటాయి. ఆసుపత్రికి తెచ్చేసరికే ఆలస్యమైపోయే ప్రమాదం ఇది. అందుకే దీనికి మందు ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే ఉందని మేము నమ్ముతున్నాం.

6 ఏళ్లు దాటిన పిల్లలకు ఈత, నీటి దగ్గర జాగ్రత్తలు నేర్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇస్తోంది. ఈ మాట చెబితే మగపిల్లల విషయంలో ఎవరూ కాదనరు. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఆ బట్టలు వేసుకుని నలుగురిలో ఎలా దిగుతుందండీ?" అన్న ప్రశ్న వస్తుంది. ఆ సంకోచాన్ని మేము తేలిగ్గా తీసుకోము. కానీ ఒక్క మాట ఆలోచించండి. కాలువ రేవులో బట్టలు ఉతికేది, బిందెతో నీళ్లు ముంచేది, చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని గట్టున నిలబడేది ఎక్కువగా ఆడపిల్లలే. నీటికి దగ్గరగా ఉండేవారికే ఈత రాకుండా చేయడం ఏమి న్యాయం? అడ్డు బట్టల దగ్గరే అయితే బట్టలనే మార్చుకుందాం.

చుడీదార్‌తోనో లంగా ఓణీతోనో దిగితే సరిపోతుందిగా అనేవారున్నారు. సరిపోదు. నూలు బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. వదులుగా ఉన్న బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది, ఓణీ మెడకు బిగుసుకుంటుంది. ఈత వచ్చినవారికే అది కష్టం, నేర్చుకునే పిల్లకు ప్రమాదం. చాలా ఈత కొలనుల్లో అలాంటి బట్టలతో దిగనివ్వరు కూడా.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఆస్ట్రేలియాలో అహేదా జనెట్టీ అనే ఆవిడ, తల కప్పుకుని ఆటలాడుతున్న మేనకోడలి అవస్థ చూసి, 2004లో ఒళ్లంతా కప్పే ఈత దుస్తులను రూపొందించారు. అక్కడి ముస్లిం స్త్రీలు ఎంతోమంది వాటితో సముద్రంలోకి దిగారు. 2007లో ఒక యువతి అవే వేసుకుని సముద్ర తీర రక్షకురాలిగా శిక్షణ కూడా పూర్తి చేసింది. బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లోనే వెదురు బొంగులతో అడ్డు కట్టి పిల్లలకు ఈత నేర్పుతున్నారు. వీలు కల్పిస్తే నేర్చుకోవడానికి ఆడపిల్లలు ముందుకు వస్తారు.

దుకాణంలో కొనే నిండు చేతుల సూట్లు చాలా కుటుంబాలకు ఖరీదైనవే. పైగా పిల్లలు ఏడాదికే ఎదిగిపోతారు. కుట్టు మిషను ఉన్న ఇంట్లో మాత్రం ఇది పెద్ద పని కాదు. బట్ట ఎంపికలోనే సగం పని ఉంది. లెగ్గింగులకు వాడే నూలు కలిసిన లైక్రా తీసుకోకండి, అదీ నీళ్లు పీలుస్తుంది. నైలాను లేదా పాలిస్టరుతో స్పాండెక్స్ కలిసిన బట్ట అడగండి. ఒక అంచు పట్టుకుని 10 సెంటీమీటర్ల ముక్కను లాగితే 15 దాకా సాగాలి, వదలగానే మళ్లీ మొదటి కొలతకు రావాలి. పన్నా 60 అంగుళాలు ఉంటే పదేళ్ల పాపకు నిండు చేతుల చొక్కా, మోకాళ్ల దాకా లాగు కుట్టడానికి మీటరుంపావు దాకా పడుతుంది.

రంగు కూడా ముఖ్యమే. లేత నీలం, తెలుపు నీళ్లలో కలిసిపోతాయి. ముదురు నారింజ, మెరిసే గులాబీ, చిలకపచ్చ లాంటివి దూరం నుంచి కనిపిస్తాయి. పిల్ల ఎక్కడుందో గట్టు మీద ఉన్నవారికి ఒక్క చూపులో తెలియాలి.

కత్తిరించేటప్పుడు బట్ట ఎక్కువగా సాగే వైపు ఒంటి చుట్టూ వచ్చేలా చూడండి. మామూలు జాకెట్టుకు వదులు కలుపుతాం, దీనికి తగ్గించాలి. ఛాతీ చుట్టుకొలత 26 అంగుళాలుంటే 23 లేదా 24కే కత్తిరించాలి. సూది మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వాడాలి. మామూలు సూది దారాలను తెంపి చిల్లులు చేస్తుంది, కుట్టు దాటేస్తుంది. దారం పాలిస్టరుది కావాలి. జిగ్‌జాగ్ కుట్టు వేసే మిషను ఉంటే మంచిది. లేకపోతే బట్టను కొంచెం సాగదీసి పట్టుకుంటూ నేరు కుట్టు రెండు వరుసలు వేయండి. సాగదీయకుండా కుడితే వేసుకున్న మొదటి రోజే దారం తెగుతుంది. మెడ దగ్గర, నడుము దగ్గర వేలాడే తాళ్లు మాత్రం పెట్టకండి, ఎక్కడైనా చిక్కుకుంటాయి.

మిగిలిన ముక్కల సంగతి. ఈ బట్ట మట్టిలో కలిసిపోదు, కాలిస్తే ఘాటైన పొగ వస్తుంది. కాబట్టి పారేయకుండా వాడుకోవాలి. పెద్ద ముక్కతో తలకు టోపీ అవుతుంది, పొడుగు జుట్టు కళ్ల మీద పడకుండా ఉంటుంది. సాగే వైపుగా కోసిన పట్టీలు మెడకు, చేతులకు అంచు వేయడానికి పనికొస్తాయి. అంతకంటే సన్నవి జడకు రబ్బరు బ్యాండ్లవుతాయి. పెరట్లో టమాటా, చిక్కుడు తీగలను కర్రకు కట్టడానికి ఇవి చాలా బాగుంటాయి, కాడను కోయవు. ఒక్క పనికి మాత్రం వాడకండి. వాచిన కాలికో, బెణికిన చేతికో, పుండుకో కట్టుగా చుట్టకండి. ఒత్తిడి ఎంత పడుతోందో తెలియదు, రక్త ప్రసారం ఆగవచ్చు. షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఈత అయ్యాక తడి బట్టలతో గంటలు గంటలు ఉండనివ్వకండి. గజ్జల్లో, చంకల్లో తామర వచ్చేది అలాగే. మంచినీళ్లతో స్నానం చేయించి, ఒళ్లు ఆరేలా తుడిచి, పొడి బట్టలు వేయండి. ఈత సూటును వెంటనే మంచినీళ్లలో జాడించి, పిండకుండా నొక్కి, నీడలో ఆరవేయాలి. క్లోరిన్, ఎండ, వేడి ఇస్త్రీ స్పాండెక్స్ సాగుడును పాడు చేస్తాయి. చెవి కారుతున్న పిల్లలను, మానని పుండ్లు ఉన్నవారిని డాక్టరును అడగకుండా నీళ్లలోకి దించవద్దు. మూర్ఛ ఉన్నవారిని ఎప్పుడూ ఒంటరిగా దిగనివ్వకండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మంచి సూటు ప్రాణం కాపాడదు, నేర్చుకున్న ఈత, గట్టు మీద కనిపెట్టుకుని ఉన్న పెద్దవారు కాపాడతారు. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు, కర్రో, తాడో, చీరో అందించండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం చేయకండి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, గుండె మీద ఒత్తిడి ఇవ్వాలి, 108కు ఫోను చేయించాలి.

కుట్టు నేర్చుకున్న అక్కచెల్లెళ్లు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. పెళ్లి జాకెట్ల పని తగ్గిన నెలల్లో నలుగురు కలిసి ఒక తాను కొంటే ఖర్చు తగ్గుతుంది, ముక్కలూ వృథా పోవు. ఒకరికి పొట్టి అయిన సూటు చెల్లెలికి సరిపోతుంది. అమ్మలు, అమ్మమ్మలు కూడా కుట్టించుకుని దిగితే పిల్లలకు ధైర్యం వస్తుంది. ఏ తల్లీ "బట్టలు లేక నేర్పించలేదమ్మా" అని చెప్పుకోవలసిన రోజు రాకూడదని మా కోరిక. వచ్చే వేసవికి ఇంకా సమయం ఉండగానే కొలతలు తీసుకోండి.