కరెంటు మన మాటే

ఇంగ్లీషులో కరెంట్ అన్న నామవాచకం చాలా పనులు చేస్తుంది. ఏటి వడికి అదే పేరు, సముద్రం లోపల కదిలే నీటికీ అదే, తీగలో పారేదానికీ అదే. వడి, సుడి, ఉరవడి మనకు ముందునుంచీ ఉన్నాయి కనుక తెలుగువాళ్లు నీళ్ల జోలికి పోకుండా తీగలోదాన్ని మాత్రమే తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక దాన్ని పెంచి పెద్ద చేశారు. ఇంట్లో దీపాలారితే ఇంగ్లీషువాళ్లు పవర్ పోయిందంటారు. మనకు పోయేది కరెంటే. బిల్లు, స్తంభం, ఆఫీసు అన్నీ కరెంటువే. లైన్‌మన్ ఎన్నో ఊళ్లలో కరెంటాయన.

ఈ మాట లోతు తెలియాలంటే పొలం గట్టుకు వెళ్లాలి. అక్కడ ‘కరెంటొచ్చిందా?’ అని రైతు అడిగేది బల్బు గురించి కాదు. మూడు ఫేజులూ వచ్చాయా, బోరు మోటారు తిరుగుతుందా అని. సింగిల్ ఫేజు మీద ఇంట్లో దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, పొలంలో త్రీఫేజు మోటారు మాత్రం కదలదు. అందుకే దీపం కింద కూర్చునే ‘కరెంటు లేదు’ అనగలడు రైతు. ‘రాత్రి కరెంటు’ అన్నది ఇంకో మాట. సరఫరా వంతులవారీగా ఇచ్చిన ఏళ్లలో, అర్ధరాత్రి దాటాక వచ్చే వంతు కోసం టార్చిలైటు పట్టుకుని వెళ్లి స్టార్టరు నొక్కాలి. ఆ దారిలో పాము కరిచి పోయినవాళ్లున్నారు. తడి చేతికి తీగ తగిలి బావి దగ్గరే పడిపోయినవాళ్లున్నారు. ఆ భయమంతా ఈ రెండు పదాల్లో ఉంది. ఏ నిఘంటువు అయినా ‘విద్యుత్తు’ అని ఒక్క ముక్కలో అర్థం రాసి ఊరుకుంటే సరిపోతుందా?

రాజకీయాల్లోనూ ఈ మాటదే బలం. కరెంటు చార్జీల పెంపు మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం చేసింది వ్యవసాయానికి ఉచిత విద్యుత్ దస్త్రం మీద. దస్త్రంలో ఏమున్నా, ఊళ్లకు చేరేసరికి అది ఉచిత కరెంటు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇచ్చిందీ జనం నోట ‘ఇరవై నాలుగు గంటల కరెంటే’.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వెలువరించింది. వ్యవసాయ పదాలను ఊరూరా తిరిగి, రైతుల నోట విని రాసుకుని కూర్చిన పుస్తకమది. మోటలు పోయి మోటార్లు వచ్చాయి. మోటారు చుట్టూ పుట్టిన మాటలనూ అంత శ్రద్ధగా ఏరాలి. ఫ్యూజు ఊళ్లో ‘ఫీజు’ అయింది. ఫీజు ఎగిరిపోతుంది, ఎవరో ఒకరు ప్రాణాలకు తెగించి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫీజు వేస్తారు. బడి ఫీజుతో దీన్ని కలగాపులగం చేసుకునేవాళ్లు ఎవరూ లేరు. ఇవి ఇంగ్లీషు మాటలని పక్కన పెడితే యాభై ఏళ్ల సేద్యం మాటల్లో మిగలదు.

మా పత్రికకు వచ్చే కథల్లో కొన్నిసార్లు రైతు ‘విద్యుత్తు రాలేదు’ అంటాడు. రచయితలకు మా మనవి: ఆయన చేత కరెంటనే అనిపించండి. పాఠకులకు ఇంకో మనవి. మీ ఊళ్లో ఫీజు వేసే మనిషిని ఏమంటారో, కాలిన మోటారు గురించి ఎలా చెప్పుకుంటారో, తీగకు దొంగచాటుగా కొక్కెం తగిలించడాన్ని ఏ పేరుతో పిలుస్తారో, ఊరు, మండలం పేర్లతో రాసి పంపండి. వచ్చే సంచిక నుంచి వాటికి రెండు పేజీలు కేటాయిస్తున్నాం.