పెట్రోలు ముల్లూ, నేను వేసిన అంజనమూ

మన సమావేశాల్లో అంజనం గురించి నేను కనీసం పదిసార్లు మాట్లాడి ఉంటాను. ఇంట్లో నగ పోతే తమలపాకుకి కాటుక పూసి, ఒక పసిపిల్లాణ్ణి అందులోకి చూడమని, "ఎవరు కనబడుతున్నార్రా?" అని అడుగుతారు. ఎవరు కనబడాలో పెద్దవాళ్ళ మాటల్లో ఆ పిల్లాడు అప్పటికే వినేసి ఉంటాడు. అందుకే కనబడేది ఎప్పుడూ పనిమనిషో, పాలేరో. ఇంటి అల్లుడు కనబడ్డ అంజనం గురించి నేనింతవరకు వినలేదు. ఈ మాట అన్నప్పుడల్లా సభలో నవ్వులు.

2024లో నేనే ఒక అంజనం వేశాను. తమలపాకు బదులు మా కారులో పెట్రోలు ముల్లు.

మాది 1999 నాటి మారుతి 800, కార్బ్యురేటరు బండి. ఆ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. మా బండి మాత్రం సికింద్రాబాదులో ఇంకా తిరుగుతోంది. రక్షణ లెక్కల శాఖలో ముప్ఫై అయిదేళ్ళు పనిచేసినవాణ్ణి, పనికొచ్చే వస్తువుని పద్దుల్లోంచి కొట్టెయ్యడం నాకు చేతకాదు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక వారానికి మూడు రోజులు ఒక కుర్రాణ్ణి డ్రైవరుగా పెట్టుకున్నాను. మా ఆవిడని మోకాళ్ళ వైద్యానికి తీసుకెళ్ళి, రెండు గంటలు బయట కారులో ఉండి తీసుకొచ్చేవాడు. ఆ రెండు గంటలూ కారు అతని చేతిలోనే. ఇది గుర్తుంచుకోండి.

ఒకరోజు వెళ్ళేటప్పుడు సగానికి పైన ఉన్న ముల్లు, వచ్చాక చూస్తే పావు దగ్గరుంది. పోనూ రానూ 12 కిలోమీటర్లు. ఒకసారి ఊరుకున్నాను. కొన్ని వారాలకి మళ్ళీ అదే జరిగింది. మూడోసారి అతన్ని నిలబెట్టి అడిగాను. తడబడ్డాడు, మాట సరిగా రాలేదు. నాకు అంతే చాలింది. పూర్వం దొంగని పట్టడానికి అనుమానితుల చేత బియ్యం నమిలించేవారు. భయంతో నోరెండిపోయి ఎవరు పిండి చెయ్యలేకపోతే వాడే దొంగ. నిర్దోషికి కూడా భయం వేస్తుందనీ, ఆసామి ముందు నిలబడ్డ పేదవాడికి మరీ వేస్తుందనీ నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు నాకది గుర్తు రాలేదు. నెల జీతంలో పది రోజులు కోసి పంపించేశాను. ఎదురింటివాళ్ళు అడిగితే "పెట్రోలు తీస్తున్నాడండీ" అని చెప్పాను కూడా.

అసలు సిగ్గుపడాల్సింది మరొకటుంది. రెండోసారి ముల్లు పడిపోయిన నాలుగు రోజులకి, చుక్క పెట్రోలు పోయించకుండానే అది సగం దగ్గరికి లేచింది. ట్యాంకులో పెట్రోలు దానంతటది పుట్టదు కదా! ముల్లు అబద్ధమాడుతోందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నేనేమనుకున్నానో తెలుసా? అనుమానం వచ్చిందని భయపడి తిరిగి పోశాడేమో అనుకున్నాను. జోస్యం ఫలించకపోతే పుట్టిన సమయం తప్పంటారే, సరిగ్గా ఆ తెలివే.

అతను వెళ్ళిపోయిన మూడు నెలలకి, కారు నేనొక్కణ్ణే నడుపుతుండగా, తాళం నా జేబులో ఉండగా, ముల్లు మళ్ళీ పడిపోయింది.

అప్పుడు గాని మెకానిక్ దగ్గరికి వెళ్ళలేదు. ఆయన మొదట ముల్లుని పరీక్షించాడు. ట్యాంకు దగ్గర తీగ ఊడదీసి, ఒక చిన్న బల్బు మధ్యలో పెట్టి బాడీకి తగిలిస్తే ముల్లు మెల్లగా నిండు వైపు కదిలింది. తీసేస్తే ఖాళీకి దిగింది. అంటే మీటరూ బాగుంది, తీగా బాగుంది. తప్పు ట్యాంకు లోపలిది. బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు ఖాళీ చేసి, ట్యాంకు దించి, సెండర్ బయటికి తీశాడు.

అరచేతిలో ఇమిడే వస్తువు అది. ఒక చివర తేలే బుడ్డి, దానికో కడ్డీ, రెండో చివర ఒక చిన్న ఇత్తడి నాలుక. సన్నని తీగ చుట్టిన పట్టీ మీద ఆ నాలుక జారుతుంది. పెట్రోలు తగ్గితే బుడ్డి దిగుతుంది, పట్టీలో కరెంటు ప్రయాణించే తీగ పొడుగవుతుంది, నిరోధం పెరుగుతుంది, ముల్లు దిగుతుంది. ఇంటికి తెచ్చి మల్టీమీటరు పెట్టాను. బుడ్డి అడుగున ఉంటే 110 ఓమ్‌లు. మెల్లగా ఎత్తుతుంటే అంకె తగ్గుతూ వచ్చింది. సగానికి దగ్గర ఒక చోట చటుక్కున అంకె మాయమై తెర మీద ఒంటరి 1 నిలబడింది, తీగ తెగినట్టు. ఇంకాస్త ఎత్తితే అంకెలు మళ్ళీ వచ్చాయి. భూతద్దంతో చూస్తే అక్కడ పట్టీ అరిగి మెరుస్తోంది. నేనెప్పుడూ ట్యాంకు నింపను. సగానికి అటూ ఇటూగా నడపడం నా అలవాటు. పాతికేళ్ళు నాలుక అక్కడక్కడే రాసుకుని ఆ చోటే అరిగింది. పెట్రోలు మట్టం ఆ చోటికి రాగానే కరెంటు తెగుతుంది, ముల్లు దిగుతుంది. కుదుపుల్లో తగులుతూ తెగుతూ ఉంటే, ఈ పాత మీటర్లు వేడితో వంగే లోహపు బద్దతో నింపాదిగా పనిచేస్తాయి కాబట్టి, పావు దగ్గర తచ్చాడుతుంది. మట్టం ఆ చోటు దాటి దిగిపోతే ముల్లు మళ్ళీ లేస్తుంది. పుణ్యాత్ముడు తిరిగి పోసిన పెట్రోలు అదే!

మెకానిక్ మాత్రం ఇథనాలు కలిపిన పెట్రోలే దీన్ని తినేసిందన్నాడు. ఇథనాలు నీటిని పీలుస్తుందన్నది నిజమే. అయితే రసాయనం తింటే పట్టీ అంతా తినాలి గాని వేలెడు చోటే ఎందుకు తింటుంది? నాకు నచ్చిన తప్పుదారుడు దొరికాడని ఇంకోసారి ఎగిరి గంతెయ్యదలుచుకోలేదు.

రాణిగంజ్‌లో కొత్తది కొన్నాం. డూప్లికేటు. దాని కడ్డీ వంపే వేరు. చివరికి పాతదాన్నే శుభ్రం చేసి, నాలుకని ఒక వెంట్రుకవాసి పక్కకి వంచి, అరగని దారి మీద జారేలా చేశాడు. మల్టీమీటరు ఇప్పుడు అడుగు నుంచి పై దాకా ఎక్కడా తెగలేదు. కొత్త రబ్బరు వాషరు వేసి బిగించాడు. తరవాత బంకులో అయిదేసి లీటర్లు పోయిస్తూ, ఒక్కొక్కసారి ముల్లు స్థిరపడేదాకా ఆగి, ఎక్కడ నిలిచిందో పుస్తకంలో రాసుకున్నాను.

పుస్తకం తెరిచినప్పుడే అసలు దెబ్బ తగిలింది. పెట్రోలు బిల్లులూ, మైలేజి మీటరు అంకెలూ నేను కారు కొన్న రోజు నుంచి రాస్తున్నాను. ఆ కుర్రాడు ఉన్న నాలుగు నెలల్లో తిరిగింది 1,264 కిలోమీటర్లు, పోయించింది 79 లీటర్లు. లీటరుకి 16. అంతకుముందు ఏడాది 15.8. చుక్క పెట్రోలు పోలేదు. ఉద్యోగంలో ఉండగా స్టాకు రిజిస్టరులో తేడా వస్తే బిల్లులతో సరిచూడకుండా ఎవరి మీదా వసూలు వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. ఇక్కడ పది నిమిషాల లెక్క. చెయ్యలేదు. మా ఆవిడ ఒకటే అంది: "అంజనం వేసేవాళ్ళయినా పిల్లాణ్ణి వెతకడానికి ఒక పూట తీసుకుంటారు."

ఇది కేవలం నా మతిమరుపని కొట్టిపారెయ్యలేను. ఆ కారు నడిపింది మా అల్లుడై ఉంటే నేను మొదట ముల్లునే అనుమానించేవాణ్ణి. యంత్రం చూపించింది కాబట్టి అది శాస్త్రీయం అని మనలో చాలామందికి ఒక ధీమా ఉంది. ముల్లు చెప్పేది కూడా ఒక వాదనే. దాన్ని ఇంకో దారిన సరిచూడాలి. రాజ్యాంగం 51-ఏ అధికరణంలోకి 1976లో వచ్చిన శాస్త్రీయ దృక్పథం మాట మన కరపత్రాల మీద ప్రతి ఏడూ వేస్తాం. బాబాల గుట్టు విప్పే కార్యక్రమాలు చేద్దాం, వద్దనను. కాని పనిమనుషుల మీద, డ్రైవర్ల మీద, వాచ్‌మన్ల మీద మన ఇళ్ళల్లో మనమిచ్చే తీర్పులు ఏ సాక్ష్యం మీద ఇస్తున్నామో ఒక సమావేశంలో చర్చకి పెట్టమని కార్యదర్శిగారికి రాశాను. మొదటి ఉదాహరణ నేనే చెబుతాను, సెండర్ కూడా పట్టుకొస్తాను.

ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. కోసిన పది రోజుల జీతం ఇచ్చి, జరిగింది చెప్పాను. డబ్బు తీసుకున్నాడు. పనికి మళ్ళీ రమ్మంటే "వద్దు సార్, వేరేచోట కుదిరాను" అన్నాడు. కాసేపాగి, "ఎదురింటి మేడంగారు కూడా ఆదివారాలు పిలిచేవారు సార్. మీరు చెప్పాక మానేశారు. వాళ్ళకి ఈ మాట చెప్తారా?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. ఆవిడ శ్రద్ధగానే విన్నారు. "అయినా నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అన్నారు. ఈ ఆదివారం పుస్తకమూ, బిల్లులూ పట్టుకుని మళ్ళీ వెళ్తున్నాను.