అరగంట వాయిదాతో కోరం ఎగవేత

చాలా అపార్ట్‌మెంట్‌ సంఘాల సర్వసభ్య సమావేశం నోటీసులో చివర ఒక వాక్యం ఉంటుంది. కోరం లేకపోతే సమావేశం అరగంట వాయిదా పడి అక్కడే మళ్లీ మొదలవుతుందని, అప్పుడిక కోరం అక్కర్లేదని. అంతే, సెల్లార్లో ప్లాస్టిక్‌ కుర్చీలేసుకుని కూర్చున్న ఆ కొద్దిమందే లిఫ్టు మార్పిడి నుంచి కార్పస్‌ ఫండ్‌ ఖర్చు దాకా అన్నీ తేల్చేస్తారు.

120 ఫ్లాట్లున్న చోట కోరం మూడో వంతు అనుకుందాం. 40 మంది వస్తే, అందులో 21 మంది ఒప్పుకోవాలి. వాయిదా తర్వాత 15 మందే ఉంటే 8 ఓట్లు చాలు. ఆ ఎనిమిది ఇళ్ల నిర్ణయానికి మిగతా 112 ఇళ్లూ డబ్బు కట్టాలి.

కోరం సంఖ్య తక్కువగా ఉండటం తప్పు కాదు. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం లోక్‌సభకే పదో వంతు సభ్యులుంటే చాలు. అయిదు వేలకు మించి సభ్యులున్న పబ్లిక్‌ కంపెనీ సర్వసభ్య సమావేశానికి 2013 కంపెనీల చట్టం అడిగేది 30 మందినే. కానీ ఆ చట్టంలో అరగంట అన్నది కోరం కోసం ఎదురుచూసే గడువు మాత్రమే. అప్పటికీ రాకపోతే సమావేశం మామూలుగా మరుసటి వారానికి పోతుంది. ఆ వాయిదా సమావేశానికి కనీసం మూడు రోజుల ముందు కబురు పెట్టాలి. రెండోసారీ కోరం లేకపోతేనే వచ్చినవారితో నడిపిస్తారు. అంటే రానివారికి ఇంకో అవకాశం దక్కుతుంది. మన సంఘాలు ఆ అవకాశాన్నే తీసేశాయి.

జీతం లేకుండా పనిచేసే కమిటీల ఇబ్బంది నిజమే. ఎన్నిసార్లు పిలిచినా జనం రారు, వాచ్‌మన్‌ జీతం ఆగదు. అలాంటి రోజువారీ ఖర్చులను వచ్చినవారితోనే ఆమోదించుకోవచ్చు. బైలాల సవరణ, కార్పస్‌ ఫండ్‌, ఒక పరిమితి దాటిన కాంట్రాక్టులు మాత్రం వారం ఆగాల్సిందే. మొదటి నోటీసులో లేని అంశాన్ని వాయిదా సమావేశంలో ఎత్తనివ్వకూడదు.

ప్రాక్సీలదీ ఇదే గొడవ. ఊరెళ్లేవారు ఖాళీ కాగితం మీద సంతకం చేసి కార్యదర్శికి ఇచ్చిపోతారు. కంపెనీల సర్వసభ్య సమావేశాల్లో స్వయంగా వచ్చినవారినే కోరంలో లెక్కిస్తారు, ప్రాక్సీలను కాదు. సంఘాలూ అలాగే చేయాలి. అలాగే, కాంట్రాక్టు కోసం తన బంధువు ఇచ్చిన కొటేషన్‌పై చర్చ జరిగేటప్పుడు కమిటీ సభ్యుడు బయటికి వెళ్లాలి.

‘అందరికీ సమ్మతమేనా’ అని అడిగి, ఎవరూ మాట్లాడకపోతే ఏకగ్రీవమని రాసుకోవడం ఓటింగ్‌ కాదు. అనుకూలం, వ్యతిరేకం, తటస్థం ఎందరో మినిట్స్‌లో అంకెలతో ఉండాలి. రోజూ ఎదురుపడే ఇరుగుపొరుగు మధ్య జరిగే కార్యవర్గ ఎన్నికకు రహస్య బ్యాలెట్‌ తప్పనిసరి.

మీ సంఘం బైలాలు ఒకసారి తీసి చూడండి. అరగంట నిబంధన ఉంటే సవరణ కోరుతూ కార్యదర్శికి రాసివ్వండి. ఆ సవరణకూ కోరం కావాలి కనుక, పక్క ఫ్లాటువారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.