పట్టీ కెక్కని విషాహారము

మన దేశమున 2004లో ఆరంభమైన సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకము క్రింద, ఆహారము వికటించి పలువురు జబ్బుపడిన ఉదంతములు జిల్లాలనుండి పైకి నివేదింపబడుచున్నవి. ఆ పట్టీలో సంఖ్య తగ్గిన రాష్ట్రమే ఆరోగ్యవంతమని మురియువారిని చూచి మేము జాలిపడుచున్నాము. సాక్షి రానంతమాత్రమున నేరమే జరుగలేదని ఏ న్యాయవాదియు ననడు.

పెండ్లివిందులోనో వసతిగృహములోనో నూరుగురు ఒక్కమారు వాంతులు చేసికొన్నచో ఊరెల్ల నెరుగును. ఒక్క అంగడి మిఠాయిని పదియూళ్లకు గొనిపోయి తిన్నవారి సంగతి ఎవ్వరెరుగుదురు? వారిలో వైద్యుని చేరువారు కొందరు. మలపరీక్ష జరుగునది వారిలో ఏ కొందరికో. జరిగినను ఫలితము అధికారిని చేరవలెను గదా! ఆ రోగులందరు తిన్నది ఒక్కటేయని కనిపెట్టుట అటుపిమ్మటి మాట.

అమెరికాలో పరీక్షాలయమున తేలిన ఒక్కొక్క సాల్మొనెల్లా రోగికి వాస్తవముగా సుమారు 29 మంది రోగులుందురని 2011లో అంచనా కట్టిరి. ఆ 29ని తెచ్చి మన పట్టీని హెచ్చింపుడని మేమనుట లేదు. మన పల్లెల స్థితి వేరు. జిల్లాజిల్లాకు కొన్ని యిండ్ల నెన్నుకొని, విరేచనములైనవారెందరో, వైద్యుని చూచినవారెందరో, పరీక్ష జరిగినదెందరికో విచారించి, దానినిబట్టి నివేదితసంఖ్య ప్రక్కనే అంచనాసంఖ్యను ప్రభుత్వమువారు ప్రకటింపవలెను. అంతవరకు, ఎక్కువ ఉదంతములు తెలిపిన అధికారిని సంజాయిషీ యడుగరాదు. ఏడాది పొడుగున ఒక్కటియు తెలుపనివానినే యడుగవలెను.