ఫోన్ పెట్టేశాక మొదలయ్యే వైద్యం

ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ శీర్షిక దశాబ్దాల పాటు నడిచింది. ఇంట్లో చెప్పుకోలేని గోడును ముక్కూమొహం తెలియని మనిషికి రాసుకోవడం తెలుగువాళ్లకు ఆన్‌లైన్‌తో వచ్చిన అలవాటేమీ కాదు. కాకపోతే పత్రికలో జవాబు ఒక్కసారే వచ్చేది. ఆ సలహా పనిచేసిందో, బెడిసికొట్టిందో ఇచ్చినవారికి తెలిసే దారి తక్కువ. ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌కు ఆ దారి ఉంది. అయినా మనం దాన్నీ పాత పద్ధతిలోనే చూస్తున్నాం: కష్టం చెప్పుకున్నాం, సలహా విన్నాం, డబ్బు కట్టాం, అయిపోయింది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వాళ్లలో సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ పల్లెల్లో ఫోన్ అందరి చేతుల్లోకీ వచ్చింది, సైకియాట్రిస్టు మాత్రం రాలేదు.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు కోతకొచ్చిన వరి పోగొట్టుకున్న ఓ కౌలు రైతును ఊహించుకోండి. నిద్ర లేదు. అప్పిచ్చినవాళ్లు ఎదురుపడతారని టీకొట్టు వైపు పోవడం మానేశాడు. ‘ధైర్యంగా ఉండు బాబాయ్’ అనేవాళ్లకు ఊళ్లో కొదవలేదు. అదే మాట వీడియోలో వినడానికి డబ్బెందుకు? పని తెలిసిన కౌన్సెలర్ ముందు అడుగుతాడు: ‘ఈ నెలలో ఏ ఒక్కటి కాస్త మారితే మీకు ఊపిరాడుతుంది?’ రైతు నిద్ర అనొచ్చు, అప్పు అనొచ్చు. అప్పు తన చేతిలో లేదని కౌన్సెలర్ దాచకుండా చెప్పాలి. దేన్ని పట్టుకోవాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. తర్వాత ఓ చిన్న పని: పొద్దున్నే కాలవగట్టు దాకా నడిచిరావడం, రాత్రికి మనసెలా ఉందో పదికి ఎన్ని మార్కులో క్యాలెండర్ గడిలో వేయడం. వారం తిరిగేసరికి గడులు ఖాళీగా ఉన్నాయనుకోండి, కౌన్సెలర్ పనితనం తెలిసేది అక్కడే. మందలిస్తే ఆ రైతు మళ్లీ ఫోన్ ఎత్తడు. గట్టు మీద ఎవరు ఎదురవుతారని భయమో కనుక్కుని, నడకను పెరటి దాకా కుదించాలి.

గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దాదాపు ఇదే పద్ధతిని డాక్టర్లు కాని, శిక్షణ పొందిన స్థానికులు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో నడిపారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రిక అచ్చువేసిన ఫలితాల్లో, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్లు మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే మెరుగ్గా కోలుకున్నారు. అది చాలావరకు ఎదురెదురుగా కూర్చుని చేసింది. ఫోన్‌కు యథాతథంగా వర్తిస్తుందనలేం. అయితే ఆ పద్ధతికి వాక్చాతుర్యంతో పనిలేదు. వారం మధ్యలో జరిగే పని మీదే అది నిలబడుతుంది.

చిక్కంతా చోటు దగ్గర వస్తుంది. ఒంటిగది ఇంట్లో అత్తగారి గురించి ఆమె పక్కనే కూర్చుని కోడలు ఏం చెబుతుంది? డాబా ఎక్కితే పక్క డాబా వింటుంది. ఎవరైనా వస్తే ‘చీటీ డబ్బులు రేపిస్తా’నని మాట మార్చేయడం, సిగ్నల్ పోతే ఎవరు తిరిగి చేయాలి, ప్రాణం మీదికొస్తే ఎవరిని పిలవాలి, ఇవన్నీ మొదటి రోజే ఒప్పుకోవాలి. అవి అడగని కౌన్సెలర్‌ను నేనైతే నమ్మను. లేని గొంతులు వినిపిస్తున్న మనిషికి, దెబ్బలు తింటున్న ఇల్లాలికి తెర ఒక్కటే చాలదనీ అతనికి తెలిసుండాలి.

2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్‌కు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. ఆపదలో అది అండ. వారం వారం ఒకే మనిషితో సాగే కౌన్సెలింగ్ మరో పని. దానికి డబ్బు కట్టే ముందు అర్హతలు అడగడం తప్పేం కాదు: క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. కౌన్సెలర్లను కూడా లెక్కలోకి తెచ్చే చట్టం 2021లోనే వచ్చినా అమలు ఆలస్యమైంది.

చోటు చిక్కు తీర్చడానికి ప్రభుత్వం కొత్త యాప్ తేనక్కర్లేదు. ఈ-సంజీవనితో వీడియోలో డాక్టర్‌ను చూపించే ఆరోగ్య కేంద్రాలు పల్లెల్లో ఇప్పటికే ఉన్నాయి. సాయంత్రం ఓ గంట అక్కడో గది ఇచ్చి, తలుపు వేసుకోనిస్తే చాలు. ఆరోగ్య కేంద్రానికి వెళ్లేవాళ్లను చూసి ఊళ్లో ఎవరైనా బీపీ చూపించుకోవడానికే అనుకుంటారు.